కూర్చోబెడితే పడరనే భ్రమ

బహదూర్‌పల్లి చౌరస్తా నుంచి గండిమైసమ్మ వైపు వెళ్లినా, కొంపల్లి వైపు తిరిగినా, మేడ్చల్ హైవే దాటి శామీర్‌పేట దాకా పోయినా, కాలేజీలు, విల్లాలు, ఫంక్షన్ హాళ్ల నడుమ వృద్ధాశ్రమాల బోర్డులు కనిపిస్తాయి. కొన్ని ధర్మానికి నడిచేవి. కొన్ని నెలకింతని తీసుకునేవి. కొన్ని మూడంతస్తుల ఇల్లు అద్దెకు తీసుకుని, కింద వంటగది పెట్టి, పైన మంచాలు వేసి నడుపుతున్నవి. అమ్మనో నాన్ననో చేర్చడానికి వచ్చే కొడుకులూ కూతుళ్లూ భోజనం గురించి అడుగుతారు, డాక్టరు గురించి అడుగుతారు. చివరికి గుమ్మం దగ్గర ఆగి ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పి వెళ్తారు: "పడకుండా చూసుకోండి."

ఆ మాటలో తప్పు లేదు. దాన్ని నిలబెట్టుకోవడానికి మనవాళ్లు పట్టుకున్న దారే తప్పు. ఆశ్రమం నడిపేవాళ్లు, పిల్లలు, చాలామంది డాక్టర్లు, ఆఖరికి ఆ పెద్దలు కూడా నమ్ముతున్నది ఒకటే: లేస్తే పడతారు, లేవకపోతే పడరు. అందుకే కూర్చోబెట్టడం. పొద్దున టిఫిను మంచం దగ్గరికే వస్తుంది. మందులు మంచం దగ్గరికే వస్తాయి. "తాతా, ఎటు పోతున్నవ్? కూసో, పడ్తవ్" అని ఒక గొంతు. "అమ్మమ్మా, లేవకండి, ఏం కావాలో చెప్పండి, నేను తెస్తా" అని ఇంకో గొంతు. ఆ మాటలు అనే కుర్రాళ్లూ ఆడపిల్లలూ ఎక్కడెక్కడి నుంచో బతుకుతెరువుకు వచ్చినవాళ్లు, ప్రేమతోనే అంటారు. పడితే యజమాని నుంచి తిట్లు, అమెరికా నుంచి ఫోన్లు వాళ్లకే వస్తాయి. వాళ్లను తప్పుపట్టడానికి రాయడం లేదు. వాళ్లు అనుసరిస్తున్న ఆ నమ్మకమే పెద్దల్ని పడేస్తోందని చెప్పడానికి రాస్తున్నాను.

ముందు, మనిషి ఎలా పడతాడో చూద్దాం. మన ఇళ్లలో ఎవరు పడినా చెప్పే కారణం ఒక్కటే: కాలు జారింది. తడి నేల, నున్నటి టైల్సు, పాత చెప్పులు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో రెండు వృద్ధ సంరక్షణ గృహాల హాళ్లలో, వరండాల్లో, భోజనశాలల్లో కెమెరాలు పెట్టి, 130 మంది 227 సార్లు పడిన తీరును స్టీఫెన్ రాబినోవిచ్ బృందం ఒక్కో వీడియో తిప్పి తిప్పి చూసింది. 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ లెక్కలో జారి పడినవి 3 శాతమే. ఏదైనా తట్టుకుని పడినవి 21 శాతం. అన్నిటికంటే ఎక్కువగా, 41 శాతం, ఒంటి బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి సరిగా మార్చుకోలేక పడినవి. బాత్‌రూముల్లో కెమెరాలు పెట్టరు కాబట్టి తడి నేల వాటా అక్కడ పూర్తిగా కనపడకపోవచ్చు. ఆ మాట ఒప్పుకున్నాక కూడా మిగిలేది పెద్ద సంగతే. పెద్దలు నేల వల్ల పడటం కన్నా, తమ ఒంటిని తాము అదుపు చేసుకోలేక పడటమే ఎక్కువ.

ఎవరో వెనక నుంచి పిలిస్తే తల తిప్పుతారు. కుర్చీలో కూర్చోబోతూ అది ఇంకా అడుగు దూరంలో ఉండగానే వంగుతారు. కిటికీ గడియ కోసం చెయ్యి చాస్తారు. ఆ క్షణంలో బరువు పాదాల మీద నుంచి పక్కకు పోతుంది. అప్పుడు మడమ దగ్గర కండరం గట్టిగా పట్టాలి, తుంటి పక్క కండరం నడుమును నిలబెట్టాలి, రెండో కాలు చటుక్కున ఒక అడుగు వేయాలి. ఇదంతా అర సెకనులో జరగాల్సిన పని. రోజూ చేసేవాళ్లకే అది వస్తుంది. రోజంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషికి ఆ అడుగు పడదు. గ్రానైట్ తీసేసి గరుకు టైల్సు వేసినంత మాత్రాన ఆ అడుగు తిరిగి రాదు. గరుకు టైల్సు వేయాలి, గోడకు పట్టుకునే కడ్డీలు పెట్టాలి, రాత్రి చిన్న లైటు వెలగాలి. వాటితో పని అయిపోయిందనుకోవడమే నేను ఖండిస్తున్నది.

కూర్చోబెట్టడం వల్ల జరిగే నష్టం నెమ్మదిగా జరుగుతుందని అనుకుంటాం. కాదు. 2007లో జామా పత్రికలో ఒక చిన్న ప్రయోగం ఫలితం వచ్చింది. సగటున 67 ఏళ్ల వయసున్న, ఏ జబ్బూ లేని వృద్ధుల్ని పది రోజుల పాటు మంచం మీదే ఉంచారు. ఆ పది రోజుల్లో వాళ్ల కాళ్ల నుంచి దాదాపు కిలో కండ పోయింది. ఆరోగ్యవంతులకు, అరవై ఏడేళ్లకు, పది రోజులకు ఇది. మన ఆశ్రమాల్లో ఎనభై దాటినవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఉంటున్నది ఏళ్ల తరబడి.

మన పెద్దల విషయంలో ఇంకో నష్టం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇక్కడ చేరే అమ్మమ్మల్లో చాలామంది అరవై ఏళ్లకు పైగా ఏనాడూ వ్యాయామం అనే పేరుతో ఏదీ చేయలేదు. చేయాల్సిన అవసరమే లేకపోయింది. తెల్లవారగానే వాకిలి ఊడ్చి సాన్పు చల్లేవారు, వంగి ముగ్గు వేసేవారు. పీట మీద కూర్చుని కూరగాయలు తరిగేవారు. నేల మీద కూర్చుని తినేవారు, నేల మీద నుంచి చేతి ఆసరా లేకుండా లేచేవారు. బోరింగు కొట్టి బిందె నడుముకెత్తుకునేవారు. గుడిలో ప్రదక్షిణాలు చేసేవారు. తాతలు పొలం గట్ల మీద నడిచారు. అడుగు వెడల్పు గట్టు మీద నడక కన్నా మంచి నిలకడ సాధన ఏ ఫిజియోథెరపీ గదిలోనూ లేదు. ఆశ్రమంలో చేరిన రోజున ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. వంటగదిలోకి రానివ్వరు. మెట్లెక్కనివ్వరు. నేల మీద కూర్చోనివ్వరు. ఊళ్లో నిన్నటిదాకా తన పని తాను చేసుకున్న మనిషి ఇక్కడ ఆరు నెలల్లో చెయ్యి పట్టుకుంటే తప్ప లేవలేని స్థితికి వస్తే, "వయసు మీద పడింది" అంటాం. ఆ ఆరు నెలల్లో పెరిగిన వయసు ఆరు నెలలే.

"ఈ వయసులో వ్యాయామాలేమిటండీ, కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక" అనేది రెండో మాట. ఇది గౌరవంలా వినిపిస్తుంది. పెద్దల్ని కష్టపెట్టకూడదనే మంచి మనసు అందులో ఉంది. కానీ దీని వెనక, ముసలి ఒంట్లో ఇక కండ పెరగదు అనే ఊహ ఉంది. ఆ ఊహ తప్పని 1990లోనే తేలిపోయింది. బోస్టన్‌లో మారియా ఫియాటరోన్ అనే వైద్యురాలు సంరక్షణ గృహంలో ఉంటున్న తొంభై ఏళ్ల వాళ్లను పదిమందిని తీసుకుని, ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించింది. తేలిక బరువులు కాదు, వాళ్లు ఎత్తగలిగిన గరిష్ఠ బరువుకు దగ్గరగా ఉన్నవి. పూర్తిచేసిన తొమ్మిదిమంది కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. నాలుగేళ్ల తరువాత అదే నగరంలో వందమందితో, సగటు వయసు 87, పది వారాల పాటు పెద్ద ఎత్తున అదే పరీక్ష చేసింది. బలం 113 శాతం పెరిగింది, మెట్లెక్కే శక్తి 28 శాతం పెరిగింది, నడక వేగం కూడా పెరిగింది.

ఆ రెండో పరీక్షలో మన పిల్లలు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. కొందరికి వ్యాయామం లేకుండా బలవర్ధక పానీయం మాత్రమే ఇచ్చారు. దాని వల్ల బలం పెరగలేదు. నెలనెలా అమెజాన్‌లో ప్రొటీన్ పొడి డబ్బాలు బుక్ చేసి ఆశ్రమానికి పంపే కొడుకులు ఈ వాక్యం దగ్గర ఆగాలి. కండకు తిండి కావాలి, నిజమే. పని లేని కండకు ఎంత తిండి పెట్టినా అది నిలవదు.

విటమిన్ డి సంగతీ ఇంతే. పెద్దల్లో, అందులోనూ ఎండ తగలకుండా గదుల్లో ఉండేవాళ్లలో లోపం ఎక్కువ. సంరక్షణ గృహాల్లో ఉండేవాళ్లకు దాన్ని సక్రమంగా ఇస్తే పడటాలు తగ్గే అవకాశం ఉందని ఆధారాలున్నాయి. లోపం ఉంటే డాక్టరు చెప్పిన మోతాదులో ఇవ్వాల్సిందే. కానీ ఎక్కువిస్తే ఎక్కువ మేలన్నది అబద్ధం. ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన రెండు వేలమందికి పైగా మహిళలతో చేసిన పరీక్షలో ఏడాదికోసారి 5 లక్షల యూనిట్ల మోతాదు ఇస్తే, తీసుకున్నవాళ్లే 15 శాతం ఎక్కువగా పడ్డారు, వాళ్లకే 26 శాతం ఎక్కువగా ఎముకలు విరిగాయి. 2010లో వచ్చిన ఫలితమిది. లేచి నిలబడే పనికి బదులుగా వేసుకునే మాత్ర ఇంతవరకూ లేదు.

ఇప్పటిదాకా చెప్పినది మామూలు నమ్మకం గురించి. చదువుకున్నవాళ్ల వాదన వేరుగా ఉంటుంది, అది దీనికన్నా బలమైనది. దానికి జవాబు చెప్పకుండా పోతే ఈ వ్యాసం రాయడం దండగ.

వాళ్లనేది ఇది: ఇళ్లలో ఉండే వృద్ధులకు వ్యాయామం పనిచేస్తుంది, ఒప్పుకుంటాం. 2019లో వైద్య పరీక్షల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ 108 పరీక్షల్ని కలిపి చూసి, పడటాలు 23 శాతం తగ్గుతాయని తేల్చింది. కానీ సంరక్షణ గృహాల్లో ఉండేవాళ్ల కథ వేరు. వాళ్లు మరీ బలహీనులు. అదే కాక్రేన్ 2018లో గృహాల గురించి, ఆసుపత్రుల గురించి 95 పరీక్షల్ని చూసి, గృహాల్లో వ్యాయామం వల్ల పడటాలు తగ్గుతాయో లేదో చెప్పలేమన్నది. కాబట్టి ఆ డబ్బు, ఆ శ్రమ వేరే వాటి మీద పెట్టండి.

2018 సమీక్ష అన్నది నిజమే. ఇంకా ముందుకు వెళ్లి, 2006లో ఫలితాలు వెలువడిన ఒక నెదర్లాండ్స్ పరీక్షలో బాగా బలహీనపడినవాళ్లు వ్యాయామం మొదలుపెట్టాక ఇంకా ఎక్కువగా పడ్డారని కూడా నేనే చెబుతాను. కానీ సమీక్ష చెప్పింది, ఆధారాల నాణ్యత చాలా తక్కువగా ఉంది కాబట్టి ఖాయంగా చెప్పలేమని. వ్యాయామం పనిచేయదని కాదు. ఆ సమీక్ష కింద కలిపినవి ఒకే రకం వ్యాయామాలు కావు. కుర్చీలో కూర్చుని చేతులు ఊపేవి ఉన్నాయి, నిలబడి చేసేవి ఉన్నాయి. కొన్ని వారాలకే ముగిసినవి ఉన్నాయి, ఏడాది నడిచినవి ఉన్నాయి. పడటాలను వ్యాయామం నడుస్తుండగా లెక్కపెట్టినవి ఉన్నాయి, అంతా ఆపేసిన నెలల తరువాత లెక్కపెట్టినవి ఉన్నాయి. వీటన్నిటి సగటు తీస్తే ఏమీ తేలకపోవడంలో ఆశ్చర్యం లేదు.

2018లోనే ఆస్ట్రేలియా నుంచి సన్‌బీమ్ అనే పరీక్ష ఫలితం వచ్చింది. జెన్నిఫర్ హెవిట్ బృందం 16 సంరక్షణ గృహాల్లో, సగటున 86 ఏళ్లున్న 221 మందితో చేసింది. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి గంట, 25 వారాలు: మొత్తం 50 గంటలు. కాళ్లకు బరువులు, వారం వారం పెంచుకుంటూ. నిలబడి చేసే నిలకడ సాధన, రోజురోజుకూ కాస్త కష్టం చేసుకుంటూ. ఆ తరువాత మరో ఆరు నెలలు తేలికగా కొనసాగింపు. వ్యాయామం చేసిన గృహాల్లో పడటాలు 55 శాతం తగ్గాయి. ఏడాదికి ఒక్కొక్కరు సగటున దాదాపు మూడుసార్లు పడే చోట ఆ సంఖ్య ఒకటింపావు దరిదాపులకు దిగింది. 2023లో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన సుజాన్ డయ్యర్ బృందం గృహాల పరీక్షల్ని మళ్లీ వడపోసి, వ్యాయామం జరుగుతున్న కాలం చివరన పడటాలు తగ్గుతున్నాయని, ఆపేశాక ఆ మేలు నిలవడం లేదని చూపింది.

ఆపేశాక నిలవదన్న మాటను పట్టుకుని "చూశారా, శాశ్వత ప్రయోజనం లేదు" అనేవాళ్లున్నారు. బోస్టన్ తొంభై ఏళ్ల వాళ్లలోనూ వ్యాయామం ఆపిన నాలుగు వారాలకే బలంలో 32 శాతం పోయింది. బీపీ మాత్ర ఆపేస్తే బీపీ మళ్లీ పెరుగుతుంది. అందువల్ల ఆ మాత్ర పనికిరానిదని ఏ ఇంట్లోనూ ఎవరూ అనలేదు, రోజూ వేసుకోవాలనే అన్నారు. వ్యాయామానికి మాత్రం వేరే న్యాయం ఎందుకు? ఆపకూడదనే కదా దాని అర్థం. పన్నెండు వారాల శిబిరం పెట్టి, బ్యానరు కట్టి, సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్లిపోయే పద్ధతిని ఈ ఆధారం తప్పుపడుతోంది, వ్యాయామాన్ని కాదు.

ఇక్కడే మన ఆశ్రమాలు "మా దగ్గర వ్యాయామం ఉంది" అని చెప్పే మాట గురించి కూడా మాట్లాడాలి. ఉంది, చాలా చోట్ల ఉంది. పొద్దున ఏడింటికి హాల్లో గుండ్రంగా కుర్చీలు వేస్తారు. యోగా టీచరు వచ్చి చేతులు పైకి, చేతులు పక్కకి అంటారు. ప్రాణాయామం, తరువాత చప్పట్లు, తరువాత అందరూ కలిసి నవ్వడం. ఫొటో తీసి పిల్లల వాట్సాప్ గ్రూపులో పెడతారు. నలుగురు కలిసి కూర్చోవడం, నవ్వడం మంచివే. ఒంటరితనం తగ్గుతుంది, ఆ పూట మనసు బాగుంటుంది. వాటిని ఆపమని నేను అనను. కానీ దానితో పడటం తగ్గదు. కూర్చుని చేసిన పనికి నిలబడే శక్తి రాదు. పాదాల మీద బరువు పడకుండా నిలకడ పెరగదు. ఎనభై నాలుగేళ్ల నాన్న కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడుతున్న ఫొటో చూసి డల్లాస్‌లో ఉన్న కొడుకు నిశ్చింతగా పడుకుంటే, ఆ నిశ్చింతకు ఆధారం లేదు.

పనిచేసే వ్యాయామం ఎలా ఉంటుందో చెబుతాను. చూడటానికి ఏమీ అందంగా ఉండదు. గట్టి కుర్చీ, గోడకు ఆనించినది. పెద్దాయన దాని అంచుకు జరిగి, పాదాలు వెనక్కి లాగి, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవాలి. మొదటి వారం రెండుసార్లే లేవగలరేమో. ముఖం ఎర్రబడుతుంది, ఆయాసం వస్తుంది. మాట్లాడగలుగుతూనే ఉన్నారా అని ఫిజియో చూస్తూ ఉండాలి. తరువాత చీలమండకు ఇసుక సంచీ కట్టి మోకాలు చాపడం, నిలబడి కాలు పక్కకు ఎత్తడం. అర కిలోతో మొదలై, తేలికైన రోజున ముప్పావుకు, కిలోకు పోవాలి. పెంచకపోతే కండకు పని లేదు. తరువాత నిలకడ: బల్ల పట్టుకుని పాదాలు దగ్గరగా, ఆ తరువాత ఒకదాని ముందు ఒకటి. బల్ల మీద చెయ్యి రెండు వేళ్లకు తగ్గాలి, ఆపైన ఒక వేలికి. పక్కకు అడుగులు, వెనక్కి అడుగులు. నడుస్తూ తల తిప్పడం. మనిషి కాస్త ఊగాలి. ఊగని సాధనలో నిలకడ నేర్చుకునేది ఏమీ లేదు. ఊగినప్పుడు పట్టుకోవడానికి నడుముకు వెడల్పాటి బెల్టు, పక్కనే శిక్షణ ఉన్న మనిషి ఉండాలి.

సన్‌బీమ్‌లో గాలి ఒత్తిడితో పనిచేసే ఖరీదైన యంత్రాలు వాడారు. మనకవి లేవు. కానీ స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయ పరిశోధకులు యంత్రాలే లేకుండా, లేవడం, మెట్టెక్కడం, బరువున్న నడుము పట్టీ కట్టుకుని నడవడం వంటి రోజువారీ కదలికలతోనే గట్టి కార్యక్రమం తయారుచేశారు. డిమెన్షియా ఉన్న గృహవాసులతో కూడా చేయించారు. వాళ్ల ఫలితం నా వాదనకు పూర్తిగా అనుకూలం కాదు: డిమెన్షియా ఉన్నవాళ్లలో వ్యాయామం ఒక్కటే పడటాల సంఖ్యను తగ్గించలేకపోయింది. అలాంటివాళ్ల దగ్గర వ్యాయామంతో పాటు కంటిచూపు, మందులు, మంచం ఎత్తు, రాత్రి తోడు అన్నీ కలిసి ఉండాలి. వ్యాయామం అందరికీ ఒకేలా పనిచేస్తుందని చెప్పేవాళ్లను కూడా నేను నమ్మను. నెదర్లాండ్స్‌లో బలహీనులు ఎక్కువ పడ్డారన్న సంగతి నుంచి నేర్చుకోవాల్సిందీ ఇదే. బాగా నీరసించిన మనిషికి ముందు కాళ్లలో బలం తేవాలి, తరువాతే ఆసరా వదిలించాలి.

మందుల మాట వచ్చింది కాబట్టి, కూర్చోబెట్టే సిద్ధాంతం చివరికి ఎక్కడికి పోతుందో చూడాలి. ముందు "కూర్చోండి" అంటారు. వినకపోతే కుర్చీ ముందు బల్ల అడ్డం పెడతారు. రాత్రి మంచానికి రెండు పక్కలా కటకటాలు ఎత్తుతారు. అయినా లేస్తుంటే నిద్రమాత్ర అడుగుతారు. ఆ మాత్ర మత్తు దిగకముందే, తెల్లవారుజామున మూడింటికి, పెద్దావిడ ఒంటికి లేస్తుంది. కటకటం దాటబోయి మరింత ఎత్తు నుంచి పడుతుంది. 2020 జనవరిలో ఇదే మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా నాగారంలో, అనుమతి లేకుండా నడుస్తున్న ఆశ్రమం నుంచి పోలీసులు పదులకొద్దీ మందిని విడిపించారు. కొందరు గొలుసులతో కట్టేసి ఉన్నారు. అది నేరం. మామూలు ఆశ్రమాలను దానితో ఒకే గాట కట్టడం అన్యాయమవుతుంది. కానీ మనిషి కదలిక మనకు ప్రమాదం అనే ఆలోచనకు ఎక్కడా గీత గీయకపోతే అది ఎంత దూరమైనా పోగలదని గుర్తుపెట్టుకోవాలి.

కట్టేస్తే గాయాలు తగ్గుతాయన్నది కూడా నిజం కాదు. అమెరికాలో సంరక్షణ గృహాల్లో ఒకప్పుడు పదిమందిలో నలుగురిని కుర్చీకో మంచానికో కట్టి ఉంచేవారు. 1987లో చట్టం తెచ్చి దాన్ని కట్టడి చేశారు. తరువాత 16 గృహాల్లో సిబ్బందికి శిక్షణ ఇచ్చి కట్టివేతను 41 శాతం నుంచి 4 శాతానికి తగ్గిస్తే, పడి బాగా దెబ్బలు తగిలినవాళ్ల వాటా పెరగలేదు, తగ్గింది. ఇంగ్లండ్‌లో 84 గృహాల్లో నాటింగ్‌హామ్ పరిశోధకులు ఒక్కో మనిషి ఎందుకు పడవచ్చో సిబ్బంది చేత విడివిడిగా రాయించి, దానికి తగ్గ పని చేయించారు. 2021లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన ఆ ఫలితంలో నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పడటాలు 43 శాతం తగ్గాయి. పెద్దల కదలిక మాత్రం తగ్గలేదు. ఆ తరువాతి నెలల్లో తేడా నిలవలేదు, అది కూడా చెప్పాలి. ఏ పనైనా సాగినన్నాళ్లే ఫలం అన్నది ఇక్కడా కనిపిస్తోంది.

"ఫిజియోలు ఎక్కడ దొరుకుతారు, ఎవరు కడతారు" అనేది ఆశ్రమాల నిజమైన బాధ. దాన్ని తోసిపుచ్చను. ధర్మానికి నడిచే చోట నెల చివర బియ్యానికే వెతుక్కుంటారు. కానీ డబ్బు తీసుకునే చోట ఈ మాట చెల్లదు. పది మంది గుంపుకు వారానికి రెండు గంటలు కావాలి. ఏసీ గదికి, టీవీకి, వైఫైకి లెక్కగట్టి నెల ఫీజులో కలిపినవాళ్లు రెండు గంటలు కలపలేరా? మనిషి కొరత కూడా పూర్తి నిజం కాదు. పంజగుట్ట నిమ్స్‌లో ఫిజియోథెరపీ చెబుతున్నారు. విద్యానగర్‌లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరున ఫిజియోథెరపీ కాలేజీ ఉంది. బహదూర్‌పల్లి పక్కన సూరారంలోనే మెడికల్ కాలేజీ ఉంది. ఏటా చదువు ముగించుకుని వస్తున్న పిల్లలు మోకాళ్ల మార్పిడి వార్డుల్లో, స్పోర్ట్స్ క్లినిక్కుల్లో పని వెతుక్కుంటున్నారు. ఇంటర్న్‌షిప్‌లో ఒక నెల వృద్ధాశ్రమంలో పెడితే అటు పిల్లలకు చదువు, ఇటు పెద్దలకు పని. ధర్మ ఆశ్రమాలకు దారి ముందుగా ఇదే.

ప్రభుత్వం వైపు చూస్తే కాగితాలకు కొదవ లేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకు కనీసం ఒక్కటి, 150 మందికి సరిపడే ఆశ్రమం ప్రభుత్వం పెట్టవచ్చంటుంది. ఆసుపత్రిలో వేరే వరుస, మంచాల కేటాయింపు అంటుంది. 2019లో కేంద్ర గృహ నిర్మాణ శాఖ రిటైర్మెంట్ హోమ్‌లకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంపులు, కడ్డీలు, జారని నేల వంటి జాగ్రత్తలు చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో సంరక్షణ గృహాలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు పెట్టే సవరణ బిల్లు లోక్‌సభకు వచ్చింది, చట్టం కాలేదు. గోడకూ నేలకూ కొలతలు రాయడం మనకు సులభం. ఆ గోడల మధ్య ఉన్న మనిషి రోజుకు ఎన్నిసార్లు లేచి నిలబడాలో రాసే ప్రమాణం కూడా రావాలి.

ఇక చివరి అభ్యంతరం, నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు వినేది: "వ్యాయామం చేయిస్తూ పడేస్తే?" పడవచ్చు. నడుముకు బెల్టు కట్టి, పక్కన మనిషిని పెట్టినా ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు పడవచ్చు. కానీ కూర్చోబెట్టినవాళ్లు పడటం లేదా? సంరక్షణ గృహాల్లో ఉండేవాళ్లలో దాదాపు సగం మంది ఏడాదిలో ఒక్కసారైనా పడతారన్నది ప్రపంచమంతటా ఉన్న లెక్క. తుంటి విరిగినవాళ్లలో నలుగురైదుగురిలో ఒకరు ఏడాది తిరగకముందే పోతారు. మిగిలినవాళ్లలో ఎంతోమంది మునుపటిలా నడవలేరు. ఈ ప్రమాదం పొద్దున పదకొండింటికి, వెలుతురులో, ముగ్గురు మనుషుల మధ్య వ్యాయామం గదిలో ఉన్నదానికన్నా, తెల్లవారుజామున మూడింటికి, ఎవరూ లేనప్పుడు, బలం చచ్చిన కాళ్లతో బాత్‌రూముకు వెళ్లేటప్పుడు ఎక్కువ. ఆశ్రమం భయపడాల్సింది రెండోదానికి. పిల్లలు ఆశ్రమం మీద కోప్పడాల్సిందీ రెండోదానికే. వ్యాయామంలో తూలి పడ్డారని గొడవపడే కొడుకు, మరుసటి రోజు నుంచి ఆ ఆశ్రమంలో ఉన్న ముప్పై మందినీ కుర్చీలకు పరిమితం చేస్తున్నాడు.

అందుకే, చేర్చే రోజున సంతకం పెట్టే కాగితం మారాలి. "పడకుండా చూసుకోండి" అన్న ఒక్క మాటకు బదులు మూడు కొలతలు అడగండి. చేతులు వాడకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవడానికి ఎన్ని సెకన్లు పట్టింది. పాదం ముందు పాదం పెట్టి పది సెకన్లు నిలబడగలిగారా. నాలుగు మీటర్లు మామూలు నడకతో నడవడానికి ఎంతసేపు. దీనికి ఒక కుర్చీ, గోడ గడియారం, టేపు చాలు. పది నిమిషాల పని. చేరిన వారంలో ఒకసారి, ఆపైన మూడు నెలలకోసారి కొలిచి, ఫొటోలతో పాటు ఆ అంకెలు కూడా పంపమనండి. అంకెలు దిగజారుతుంటే వ్యాయామంలో ఏం మార్చారో అడగండి. వారానికి రెండు గంటలు నిలబడి చేసే వ్యాయామం, దాన్ని నడిపే మనిషి పేరు, ఫీజులో దాని భాగం రాసి ఇమ్మనండి. వ్యాయామంలో తూలినందుకు మిమ్మల్ని తప్పుపట్టం అని మీరూ రాసివ్వండి. ఇదంతా మా వల్ల కాదంటే, గండిమైసమ్మ దాకా ఇంకా చాలా బోర్డులున్నాయి, అక్కడ అడగండి.